డిమాండ్ లేని బస్సు

మా వీధిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కొందరు సాయంత్రం పూట మా అరుగు మీదికి చేరతారు. బి.ఏ.లో ఎకనామిక్స్ చదివిన ముసలాయన ఒకడున్నాడని వాళ్లకు ఎవరో చెప్పారు. డిమాండ్ అంటే ఏమిటో చెప్పమంటారు. నేను గొంతు సవరించుకునే లోపల వాళ్లే గడగడా అప్పజెప్పేస్తారు. ఒక వస్తువు మీద కోరిక ఉండాలి, కొనే శక్తి ఉండాలి, కొనడానికి సిద్ధపడాలి, అదీ ఫలానా ధరకు, ఫలానా కాలంలో. అక్షరం పొల్లుపోదు. మార్కులు పడతాయి, నాకు సందేహం లేదు. కానీ నాయనలారా, ఆ మాటను ఎక్కడ వాడాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అన్నది ఆ నిర్వచనంలో లేదు. అది తెలుసుకోవడానికి నాకు ఒక ఉద్యోగ జీవితం పట్టింది.

మన వైపు ఈ ఇంగ్లీషు మాట పలకని నోరు లేదు. ఆదోనిలో పత్తి నింపిన బోరాల పక్కన టీ తాగే రైతు “ఈ పొద్దు డిమాండ్ లేదప్పా” అని పెదవి విరుస్తాడు. ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్నాయన ఏ రంగు చీరకు డిమాండ్ ఉందో చెబుతాడు. కాలేజీలో మాకు పాఠం చెప్పిన లెక్చరరుది ఎమ్మిగనూరే. ఆయన పుస్తకం తెరిచేవాడు కాదు. “జాతరలో కోడెల సంతకు పోయినారా? దారిన పొయ్యేవాడు ప్రతి ఒక్కడూ కోడె వీపు నిమిరిపోతాడు. అది డిమాండ్ కాదు. తువ్వాలు కింద చేతులు కలిసి, వేళ్లతో బేరం కుదిరితే అప్పుడు డిమాండ్” అనేవాడు. నేను ఆ మాటను పట్టుకొని పరీక్ష గట్టెక్కాను. ఆ తర్వాత కండక్టరుగా చేరాను, టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను.

ఏ డిపోలో జరిగిందని అడగొద్దు. నేను చాలాచోట్ల పనిచేశాను, చాలాచోట్లకు విసిరేయబడ్డాను కూడా. ఇందులోని మనుషులు చాలామంది ఇంకా ఆ రోడ్ల మీదే తిరుగుతున్నారు కాబట్టి పేర్లు చెప్పను. ఊరి పేరూ చెప్పను. హాలహర్వి దాటి కొంత దూరం పోతే వస్తుంది. దాని అవతలి చేలు కర్ణాటకవి.

ఆ ఊరికి ఉన్నది ఒకే బస్సు. సాయంత్రం ఆదోనిలో బయలుదేరి, ఊరు చేరి, రాత్రికి అక్కడే ఆగేది. డ్రైవరు, కండక్టరు బడి వరండాలో పడుకొనేవాళ్లు. పొద్దున్నే జనాన్ని ఎక్కించుకొని మళ్లీ ఆదోనికి. కండక్టరు ఆదోని కోట కింది గల్లీల్లో పుట్టిన ముసల్మాను. మంచివాడు, మరీ మంచివాడు. ఎవరి అవ్వకు ఏ మాత్ర కావాలో, ఎవరి బర్రె ఈనిందో అన్నీ అతనికే కావాలి. కడుపులో మాట దాచుకోవడం మాత్రం చేతకాదు.

నేను రిటైరు కావడానికి కొంచెం ముందు, ఎండాకాలంలో మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. గోదావరి వైపు నుంచి వచ్చిన కుర్రాడు. పనిమంతుడు, మర్యాదస్తుడు. మా వైపు ఎండకూ మా కారానికీ ఇంకా అలవాటు పడలేదు.

“ఈ నైట్ హాల్ట్ సర్వీసుకి డిమాండ్ లేదండీ. డీజిలు ఖర్చు కూడా రావట్లేదు. తీసేద్దామనుకుంటున్నాను” అన్నాడు.

“ఏ నెలలు చూసినారు సార్?”

“నవంబరు నుంచి మార్చి దాకా.”

నాకు నవ్వొచ్చింది, ఆపుకొన్నాను. ఆయన చూసింది సుగ్గి కాలం. సుగ్గి అంటే కోతల కాలం. మా జిల్లా పశ్చిమాన సొంత చేలలో పని అయిపోగానే పల్లెలకు పల్లెలు మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతాయి. తట్టాబుట్టా, బియ్యం సంచులు, చంటిపిల్లలు అన్నీ లారీలకెక్కుతాయి. ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు, కొందరు పిల్లలు మిగులుతారు. ఉగాదికి గానీ ఊరు మళ్లీ ఊరు కాదు. గోదావరి కుర్రాడికి ఇదెలా తెలుస్తుంది?

ఆయనకు అదంతా చెప్పి, “ఊర్లో జనమే లేని నెలలు చూసి డిమాండ్ లేదంటే ఎట్ల సార్? డిమాండ్‌కు కాలమని ఒక ముక్క ఉంది” అన్నాను.

“మీరు ఎకనామిక్సా అండీ?”

“బి.ఏ. సార్. సెకండ్ క్లాసు.”

“నేను మెకానికల్” అని నవ్వాడు. మళ్లీ కాగితాల వైపు చూశాడు. “సరే, సుగ్గి వదిలేద్దాం. మిగతా నెలల్లో మాత్రం ఏం నిండిందండీ? మనసులో బస్సు కావాలనుకుంటే చాలదు కదా. ఎక్కి టికెట్టు కొంటేనే గదా డిమాండ్?”

అది మా లెక్చరరు చెప్పిన మాటే. పాత బస్సు, దారిలో వారానికోసారైనా ఆగిపోయేది. జనం విసుగెత్తి ఆటోల్లో పోవడం నేర్చుకున్నారు. తప్పు బండిదైనా శిక్ష మాత్రం ఊరికే పడేట్టుంది. చివరికి బతిమాలగా ఆయన ఒక మాట ఇచ్చాడు. కాలేజీలు తెరిచాక పై అధికారి ఇటు వస్తున్నాడు, ఆయనతో కలిసి ఒక పొద్దున ఆ బస్సులో ప్రయాణం చేసి చూద్దాం, జనం ఉంటే ఉంచుదాం, లేకుంటే తీసేద్దాం అన్నాడు.

బయటికి వచ్చి కండక్టరుకు ఇదీ సంగతి అని చెప్పాను. అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“అన్నా, బస్సు పోతే ఆ పాప సదువు ఖతం.”

ఆ పాపను నేనూ చూశాను. డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చొని, ఊరు దాటకముందే పుస్తకం తెరిచేది. అమ్మానాన్నలు కూలి పనికి పోయేవాళ్లు, చర్చి వీధిలో ఇల్లు. ఆ ఊరి నుంచి ఆదోనికి పోయి ఇంటర్ చదువుతున్నది ఆ పాప ఒక్కతే. మిగతా ఆడపిల్లలు టెన్త్ కాగానే తల్లుల వెంట సుగ్గికి పోయారు. ఈ పాపను మేనత్త దగ్గర వదిలి అమ్మానాన్నలు పోతారు. తండ్రి ముందే తేల్చి చెప్పాడట, “బస్సుంటే సదువుకో. ఆటోల్లో ఒకరి మీద ఒకరు పడి పోతానంటే మాత్రం పంపీను” అని. ఆయన్ను మూర్ఖుడని నేననలేను. ఆ దారిలో ఆటో డ్రైవరు పక్కన అటూ ఇటూ వేలాడే మనుషులను నేను చూశాను.

తనిఖీ సంగతి ఊళ్లో చెప్పకూడదు. కండక్టరుకు ఆ మాట గట్టిగానే చెప్పాను. అతను అల్లా మీద ఒట్టు పెట్టాడు. ఆ తర్వాత తెలిసింది, ముందు రోజు సాయంత్రం బస్సు దిగీదిగగానే రచ్చకట్ట దగ్గర నిలబడి ఊరందరికీ చెప్పేశాడని. “రేపు పెద్ద సార్లు మన బస్సులో పోను వస్తాండారు. మన ఊరి ఇజ్జత్ ఏందో సూపియ్యల్ల!” బస్సు పోతుందన్న మాట మాత్రం జనం కంగారు పడతారని చెప్పలేదట. తలకాయ చెప్పి మొండెం దాచుకున్నాడు.

తెల్లవారేసరికి మేనేజరు, పై అధికారి, నేను జీపులో ఊరు చేరాం. పై అధికారి వయసు మళ్లినవాడు, పెద్దగా మాట్లాడడు. జీపును వెనక్కి పంపేశాం. బస్సును చూసి నేనే గుర్తుపట్టలేదు. కడిగారు. అద్దాలు తుడిచారు. ముందు టైర్లకు పసుపు కుంకుమ, కింద నిమ్మకాయలు. ముందు సీట్ల మీద ఉతికిన తువ్వాళ్లు పరిచారు. ఊరి పెద్దమనిషి తెల్లపంచె కట్టుకొని వచ్చి రెండు చేతులూ జోడించాడు.

“ఎక్కండి సార్. బస్సంతా మీదే” అన్నాడు.

మేం ఎక్కి కూర్చున్నాం. కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలింది. లోపల మేం ముగ్గురం, డ్రైవరు, కండక్టరు. ఇంకొక్క మనిషి లేడు.

ఊరి బయటి రాళ్ల దారి మీద ఖాళీ సీట్లన్నీ ఒకేసారి గడగడలాడాయి. మేనేజరు నా వైపు చూశాడు. ఆ చూపులో గెలిచానన్న గర్వం లేదు, జాలి ఉంది. అది ఇంకా కష్టంగా తోచింది. కండక్టరు టికెట్ల మిషను ఒళ్లో పెట్టుకొని బిక్కమొహం వేశాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందనుకున్నాను. ఆ పాప కూడా రాలేదేమిటా అని నాకు కోపం కూడా వచ్చింది. ఊరంతటి మీదా కోపం వచ్చింది. మీ కోసం నేనెందుకు గొంతు చించుకోవాలి అనుకున్నాను.

కొంత దూరం పోయాక పై అధికారి వెనక అద్దంలోంచి చూసి, “ఆ ట్రాక్టరు మన వెనకాలే ఎందుకు వస్తోంది?” అన్నాడు.

తిరిగి చూశాం. దుమ్ములో ట్రాక్టరు, దాని వెనక ట్రాలీ. ట్రాలీ నిండా జనం. తలపాగాలు, గంపలు, కొంగులు, నీళ్ల బాటిళ్లు. మేం మెల్లగా పోతే అదీ మెల్లగా వస్తోంది. గుంత దగ్గర మా బస్సు ఆగితే అదీ అల్లంత దూరాన ఆగింది. దాటిపోదు.

కండక్టరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. “యా అల్లా! బస్సు మీకిడిచిపెట్టినారు సాబ్” అన్నాడు.

పెద్ద రోడ్డు కలిసే క్రాసు దగ్గర నేను డ్రైవరును ఆపమన్నాను. ట్రాక్టరు కూడా దూరంగా ఆగింది. దిగి, వెనక్కి నడిచి ఊరి పెద్దమనిషి దగ్గరికి పోయాను. ఆయన ట్రాలీ ముందు అంచు మీద కూర్చున్నాడు.

“ఏమప్పా పెద్దాయనా, బస్సు పెట్టుకొని ట్రాక్టరెందుకు?”

“ఎట్లెక్కేదప్పా? సార్లుండారు గదా” అన్నాడు, నేను తెలివి తక్కువ ప్రశ్న వేసినట్టు. “మా గంపలు, మా కోళ్లు, మా బీడీలు. వాళ్ల పక్కన కూర్సుంటే మర్యాద ఉంటాదా? ఒక్క పూట మేం సర్దుకుంటే ఏం పోతాది?”

“బస్సే పోతాది” అన్నాను. “ఈ బస్సుకు జనం ఉండారా లేదా అని సూసేకే వాళ్లొచ్చింది. ఖాళీగా పోతే రేపటి నుంచి బస్సు రాదు.”

ట్రాలీలోంచి ఒకామె గట్టిగా, “ఆ మాట నిన్ననే సెప్పకూడదా ఆ కండక్టరన్న! ఇజ్జతు, ఇజ్జతు అని ఎగిరినాడు!” అంది. అందరూ బస్సు వైపు చూశారు. కండక్టరు మెట్ల మీద నిలబడి వేరే దిక్కు చూస్తున్నాడు.

అంతమందిలో ముందుగా దిగింది ఆ పాప. పుస్తకాల సంచి భుజాన వేసుకొని ట్రాలీ అంచు మీంచి కిందికి దూకింది.

“ఏయ్ పాపా, ఆగు! పెద్దోళ్లు ఎక్కినాక ఎక్కుదువు” అన్నాడు తండ్రి.

“బస్సు పోతే మల్ల ఎప్పుడెక్కేది నాయనా?” అంది. ఆగలేదు.

పాప వెనక తండ్రి దిగాడు, తర్వాత పెద్దాయన దిగాడు, తర్వాత ఊరంతా దిగింది. ఎక్కారు. కండక్టరు ప్రాణం లేచొచ్చి టికెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అయినా కథ తేలలేదు. ఎక్కినవాళ్లు ఒక్కరూ కూర్చోరు. నడిమి దారిలో ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. ఇరుపక్కలా సీట్లు ఖాళీ.

“కూర్చోండమ్మా, కూర్చోండి” అన్నాడు పై అధికారి.

నవ్వారు, తలలు వంచుకున్నారు, కూర్చోలేదు.

“ఎందుకు కూర్చోరు వీళ్లు?” అని నన్నడిగాడు.

“మీరు కూర్చున్నారు సార్” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత లేచి, పైన కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. మేనేజరూ లేచాడు. నేనూ లేచాను. అప్పుడు ముందుగా ఒక ముసలామె కూర్చుంది, తర్వాత తక్కినవాళ్లు. పాప తన కిటికీ దగ్గరికి చేరింది. ఆదోని దాకా మేం ముగ్గురం నిలబడే వచ్చాం. ఎవరిదో గంపలోని కోడి దారి పొడుగునా పై అధికారి బూటు లేసును పొడుస్తూనే ఉంది. ఆయన కాలు తీయలేదు. అప్పటి నుంచి ఆయనంటే నాకు గౌరవం.

బస్టాండులో దిగాక ఆయన మేనేజరుతో, “ఒక్క పొద్దున చూసి ఏమీ చెప్పలేం. బండి మంచిది వేయండి. ఆరు నెలలు నడపండి. అప్పటికీ నిండకపోతే ఆపేయండి” అన్నాడు.

“ఆరు నెలలంటే సుగ్గి మధ్యలో పడతాం సార్” అన్నాను.

“కాలం అంటే అన్ని కాలాలూ కదండీ. బస్సు అన్ని కాలాల్లోనూ డీజిలు తాగుతుంది” అన్నాడు. తప్పు పట్టడానికి లేదు.

వానాకాలమంతా బస్సు బాగానే నడిచింది. బండి మారింది, జనం ఆటోలు వదిలారు. మేనేజరు సుగ్గి అనే మాట నేర్చుకొని, అందరి దగ్గరా వాడటం మొదలుపెట్టాడు. అంతలో దీపావళి పోయింది. లారీలు వచ్చాయి. పాపను మేనత్త దగ్గర వదిలి, ఊరితో పాటు ఆమె అమ్మానాన్నలూ లారీలెక్కారు. గడువు దగ్గర పడుతోంది. రోజూ రాబడి చూసే ధైర్యం లేక నేను ఆ బస్సు ఊసే ఎత్తలేదు.

అయితే ఒకరోజు మేనేజరు నన్ను పిలిచి, “విచిత్రంగా ఉందండీ. ఊరు ఖాళీ అన్నారు, బస్సు నిండుతోంది. కండక్టరు ఏమైనా సొంత డబ్బులతో టికెట్లు కొడుతున్నాడేమో చూసి రండి” అన్నాడు. మా కండక్టరు అలాంటి పని చేయగలడు. నాకూ అదే అనుమానం వచ్చింది.

మరుసటి పొద్దున హాలహర్వి దగ్గర రోడ్డు మీద కాచుకొని బస్సు ఆపి ఎక్కాను. బస్సు నిజంగానే నిండుగా ఉంది. అందరూ ముసలివాళ్లు. తాతలు, అవ్వలు. చేతిలో గంప లేదు, సంచి లేదు, ఆసుపత్రి చీటీ లేదు. తీరిగ్గా కూర్చొని ఆకూవక్కా నములుతున్నారు. పాప కిటికీ పక్కన తల వంచుకొని చదువుకుంటోంది. కండక్టరు నన్ను చూసి నమస్కారం పెట్టి, ఎప్పుడూ లేనిది, నోరు మూసుకొని పక్కకు జరిగాడు.

ఇప్పుడు ఆడవాళ్లను బస్సుల్లో డబ్బులడగడం లేదు. అప్పుడు ఎక్కిన ప్రతి మనిషీ టికెట్టు కొనాల్సిందే. వెనక సీట్లో ఒక అవ్వ దగ్గర ఆగి చెయ్యి చాపాను. తీసి ఇచ్చింది. సరైన టికెట్టే.

“యాడికవ్వా?”

“ఆదోనికి.”

“ఆడేం పని?”

“పనేముంది? బస్టాండులో కూర్సుంటాం, మాటలాడుకుంటాం, మాపటికి ఇదే బస్సుకు వచ్చేస్తాం.”

“మరి ఎందుకొస్తాండావు?”

అవ్వ ముందు సీటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “వీధి వీధికీ వంతులు పెట్టుకున్నాంలే. ఈ పొద్దు మా వీధిది. జనం ఎక్కకుంటే బస్సు నిలిపేస్తారంట గదా. నిలిపేస్తే ఆ పాప ఎట్ల పోతాది?”

“నీకేమవుతాది ఆ పాప?”

“ఏమీ కాదు. మా వీధి గూడా కాదు.”

“ఆ పాపకు తెలుసా ఈ సంగతి?”

“సెప్పల్యా. సెప్తే సదువు మీద మనసుంటాదా? అందరం కంటాసుపత్రికి పోతాండామని సెప్పినాం.” పళ్లు లేని నోటితో నవ్వింది. “మా పిల్లోళ్లను ఏడేళ్లకే సుగ్గికి తోలుకపోయినాం అప్పా. ఊరంతా కలిసి ఒక్కదాన్నన్నా సుగ్గికి కాకుండా సదువుకు పంపితే సూద్దామని.”

పిల్లలూ, ఆ నిర్వచనం ఒకసారి మళ్లీ చెప్పుకోండి. ఆదోనికి పోవాలన్న కోరిక ఆ అవ్వకు లేదు. కొనే శక్తి అంటే ఆమె కొంగున ఉన్నదే. సిద్ధపడటం మాత్రం నిండుగా ఉంది, అదీ మరొకరి చదువు కోసం. ఇది ఏ పాఠంలో పడుతుందో మీ కోచింగు సార్లను అడిగి నాకు చెప్పండి. నేను మాత్రం ఆ సాయంత్రం మేనేజరు ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన కాగితాలు దగ్గరికి లాక్కొని, “డిమాండ్ ఉందని రాసేద్దామండీ” అన్నాడు. బస్సు ఆగిపోలేదు. పాప రెండో సంవత్సరం పరీక్షలకు అందులోనే పోయి రాసి వచ్చింది. ఆ తర్వాత ఏం చదివిందో నాకు తెలియదు, నేను రిటైరయ్యాను.

కానీ ఆ పొద్దున బస్సులో మాత్రం అవ్వ టికెట్టు చేతిలో పట్టుకొని, తిరిగి ఇవ్వడం మరిచి అట్లాగే నిలబడిపోయాను. నా మొహం చూసి ఆమెకు భయం వేసినట్టుంది. నవ్వు ఆగిపోయింది. గబగబా కొంగు ముడి విప్పి, నలిగిన నోటు ఒకటి తీసి నా వైపు చాపింది.

“ఏమప్పా, మంది తక్కువొచ్చినామా? అట్లయితే నాకింకొక టికెట్టు కొట్టమను.”